చిన్నగా పలికే యాంప్లిఫయర్

మొన్న మంగళవారం చీరాల నుంచి టెలిగ్రాం వచ్చింది. టెలిగ్రాం అంటేనే మా ఇళ్లలో గుండె గుభేలుమంటుంది. వినుకొండలో మా వీధివాళ్లంతా నా ముఖంకేసి చూస్తుండగా విప్పాను. బాబాయి పోయాడు. మా నాన్నకు స్వయానా తమ్ముడు. భోజనం చేసి పడకకుర్చీలో ఒరిగినవాడు మళ్లీ లేవలేదట. బతికినన్నాళ్లూ ప్రతిదానికీ భయపడ్డ మనిషి, చివరికి భయపడే వ్యవధి లేకుండా వెళ్లిపోయాడు. ఏడుపులోనే అదొక ఊరట నాకు.

బాబాయి నేతచీరల వ్యాపారి. ఉరిమితే కిటికీలన్నీ మూయించేవాడు. ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో స్విచ్చి వేయాలంటే చెక్క పావుకోళ్లు తొడుక్కునేవాడు. వాడరేవు సముద్రానికి వెళితే మేమంతా నీళ్లలో దిగి కేరింతలు కొడుతుంటే తను ఎక్కడో ఇసుకలో కూర్చుని, "అది మన మాట వింటుందా అమ్మాయ్, ఇటు వచ్చెయ్" అని పిలిచేవాడు. పిరికి బాబాయి అని చాటుగా నవ్వుకునేవాళ్లం. పిన్ని మాత్రం నవ్వేది కాదు.

పిన్నికి గుండె జబ్బు. గట్టి చప్పుడికి ఉలిక్కిపడినా ప్రమాదమేనని డాక్టరుగారు చెప్పాక ఆ ఇంట్లో భయం కాపురం పెట్టింది. చెంబు దించాలన్నా కింద గుడ్డ పరిచేవాళ్లం. తలుపు గడియలకు నూనె రాసేవాళ్లం. సెలవులకు వెళ్లిన నాకు కూడా తుమ్ము వస్తే పెరట్లోకి పరిగెత్తడం అలవాటైంది.

ఆవిడకు పాటలంటే ప్రాణం. ఇంకా తిరగగలిగిన రోజుల్లో పొగాకు కంపెనీ దొర బంగళాకు చీరలు చూపించడానికి బాబాయితో వెళ్లి, అక్కడ పెద్ద స్పీకరు పెట్టెల్లో సంగీతం విన్నది. "మనిషి పక్కన కూర్చుని పాడినట్టుందండీ. పోయేలోగా ఇంకొక్కసారి అలా వినాలి" అంది ఒకరోజు. పోయేలోగా అన్న మాటకు బాబాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

దొర తన దేశం వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే ఆ జత పెట్టెలూ రికార్డు ప్లేయరూ కొనుక్కొచ్చాడు. వాటిని పలికించే యాంప్లిఫయర్‌ని అప్పటికే ఇంకెవరో పట్టుకుపోయారు. చేతిలో ఉన్నదంతా పెట్టెలకే అయిపోయింది కనుక ఇక చౌకలో ఒకటి వెతకాలి. మావైపు యాంప్లిఫయర్ అంటే మైకుసెట్టుదే. చెట్టుకు కట్టిన మైకు పక్క ఊరికి వినబడకపోతే అదేం పెళ్లి అనుకునే జనం మేము. బాబాయి మైకుసెట్టు దుకాణానికి వెళ్లి ఒక్కటే అడిగాడు.

"ఇది ఎంత చిన్నగా పలుకుతుందయ్యా?"

అక్కడున్నవాళ్లు పడిపడి నవ్వారు. ఎంత గట్టిగా అని అడగని బేరగాణ్ణి ఆ దుకాణం అంతవరకు చూడలేదు. పక్కనే ఉన్న నాకు సిగ్గేసింది.

పరీక్షకు రెండు పెట్టెలూ తెమ్మని దుకాణంవాళ్లు అంటే ఒక్కటే రిక్షాలో వేయించుకొచ్చాడు. ఒకటి పోయినా ఒకటుండాలి అన్నాడు. ఎందుకో భయంగా ఉంది, వద్దులే అంటూనే, నలుగురూ ఎగదోస్తే సరేనన్నాడు. ధన్‌మని ఒక్క చప్పుడు, వెంటనే మాడు వాసన. ఊరంతా మోగే మైకు గొట్టాలకు పంపే జోరు ఆ ఇంటి పెట్టె తట్టుకోలేకపోయింది. తిరిగొస్తుంటే బాబాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బు పోయిందన్న మాట ఆయన నోట రాలేదు. "ఈ చప్పుడు మనింట్లో అయ్యుంటే?" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని చూసి నేనెప్పుడూ నవ్వలేదు.

మిగిలిన పెట్టెను దుప్పట్లలో చుట్టుకుని గుంటూరులో ఒక రేడియో మెకానిక్కు దగ్గరికి వెళ్లాం. పెట్టె వెనకున్న అంకె, దానికి తగిలించే సెట్టు వెనకున్న అంకె కలవాలనీ, ఇంట్లో వినడానికి పాత రేడియో ఒకటి చాలుననీ, దాని వెనక రికార్డు ప్లేయరు తగిలించే చోటు ఉంటుందనీ ఆయన చెప్పాడు.

"పడుగుకు తగ్గ పేక అన్నమాట" అన్నాడు బాబాయి. ఆ నెలలో ఆయన ముఖాన తేట చూసింది అప్పుడే.

ఆయన దగ్గరే అలాంటి పాత రేడియో ఒకటి కొని, పెట్టెకు తగిలించి, చెవి ఆనించి, ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు అంటూ మెకానిక్కుని విసిగించాడు. వాల్యూము నాబ్ ఒకచోట ఆపించాడు. పాట చిన్నదైంది గానీ ఒక్క అక్షరం చెడలేదు. అక్కడే, నాబ్ మీది గీతకు ఎదురుగా చెక్క మీద, జేబులోంచి తాంబూలానికి వాడే సున్నపుకాయ తీసి చుక్క పెట్టాడు. అది దాటకూడదు.

ఇంట్లో పెట్టిన రోజు మధ్యాహ్నం పెట్టెను పక్కగదిలో ఉంచి, దాని మీద పాత జంపఖానా కప్పాడు. నన్ను పిలిచి, "పిన్ని చెయ్యి పట్టుకో అమ్మాయ్, నాడి ఏమాత్రం తేడాగా ఉన్నా కేక వెయ్యి" అన్నాడు. సెట్టు వేడెక్కేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టాం. పిన్ని నాడి నా వేళ్లకింద కొట్టుకుంటోంది, నాదే ఇంకా గట్టిగా కొట్టుకుంటోంది. అప్పుడు మెల్లగా, గోడవతల ఎవరో కూర్చుని మనకోసమే పాడుతున్నట్టుగా పాట వచ్చింది. పిన్ని కళ్లవెంట నీళ్లు. కాసేపటికి బాబాయి జంపఖానా తీశాడు, ఇంకాసేపటికి పెట్టెను గుమ్మందాకా జరిపాడు.

"ఏవండీ, ఇంకొంచెం పెంచండి" అంది పిన్ని.

నాబ్ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"భయపడకండి. నేనున్నాగా."

అయినా తిప్పలేకపోయాడు. రోజూ ఆవిడ అడిగేది, రోజూ ఆయన రేపు అనేవాడు. మిరపకాయ కోతలు మొదలైన రోజుల్లో పిన్ని పోయింది. తరువాత కూడా ఆయన ప్రతి మధ్యాహ్నం అదే చుక్క దగ్గర పాట పెట్టుకునేవాడు. ఇప్పుడెవరికోసం బాబాయ్ ఆ భయం అని ఒకసారి అడిగితే, అలవాటైపోయింది అమ్మాయ్ అన్నాడు.

టెలిగ్రాం అందుకుని నేను చీరాల చేరేసరికి ఇల్లంతా జనం. పాట వినబడుతుంటే పొరుగావిడ వచ్చి చూసిందట, అప్పటికే ఆయన లేడు. కరెంటు ప్లగ్గు ఊడబీకింది గానీ ఇంకేమీ ముట్టుకోలేదంది. పడకకుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుగా గుమ్మం దగ్గర ఆ ఒక్క పెట్టె, పక్కన బల్లమీద రేడియో. వంగి చూశాను. సున్నపు చుక్క అలాగే ఉంది. నాబ్ మీది గీత దాన్ని దాటి ఉంది, ఇంకొంచెం.