వచ్చేసారి అక్క కూడా మున్నార్ వెళ్తుందట

స్నేహితులతో మున్నార్ వెళ్లి, వారం రోజులు కొండదారుల్లో నడిచొచ్చిన మా బావను ఈ సాయంత్రం హబ్సిగూడలో డాక్టర్‌కు చూపించాం. బీపీ ఉన్న మనిషికి ఆ ఎత్తులో ఏమవుతుందోనని అక్క ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదు.

డాక్టర్ బీపీ చూసి, "బాగా తగ్గింది. నడక ఆపకండి, మాత్రలూ ఆపకండి" అన్నారు.

బయటికొచ్చాక బావ నాచారం ఆటోను పిలిచాడు. అక్క దాన్ని పంపేసింది.

"నడుసుకుంటనే పోదాం. వచ్చేసారి మున్నార్‌కు నేను గూడ వస్త."

"నీకు మోకాళ్ల నొప్పులు గదనే?"

"అందుకే ఇయ్యాల్టి సంది మొదలువెడుతున్న. మల్ల నిన్నొక్కన్ని పంపి, ఇంట్ల కూసోని భయపడుడు నాతోని కాదు."

బావ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

ఇల్లు చేరేసరికి ఆయాసం వచ్చింది మాత్రం నాకే. మీ ఇంట్లోనూ ఇలా నడిపించేవాళ్లున్నారా?