మీటరు చెప్పని కిలోమీటర్లు

మొన్న నందిగామలో మా పాత కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు షెడ్డు మెకానిక్ బానెట్ కింద నుంచి తలెత్తి, "మేడమ్, దీని టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారండీ?" అని మామూలుగానే అడిగాడు. మూడు చేతులు మారి మా దగ్గరికి వచ్చిన బండి, నాకేం తెలుస్తుందన్నాను. మీటరు ప్రకారం ఇంకా పదివేల కిలోమీటర్లు ఆగొచ్చనీ, వచ్చే సర్వీసుకి చూద్దామనీ అతనే ధైర్యం చెప్పాడు. ఇవాళే మార్చెయ్యమన్నాను. నా గొంతులో అతనికేం వినపడిందో గానీ వెంటనే పానా అందుకున్నాడు. అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా, పాతికేళ్ల కిందటి జగ్గయ్యపేట షెడ్డుకి వెళ్లిపోయాను.

ఆ బెల్టు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంజను లోపల పైభాగాన్నీ కిందిభాగాన్నీ ఒకే లయలో తిప్పే పళ్ల రబ్బరు పట్టీ అది. అరిగిపోతున్నానని చప్పుడు చెయ్యదు, పొగ రాదు. ఒకరోజు పుటుక్కున తెగుతుంది, తెగిన క్షణాన లోపలి సామానంతా ఒకదాన్నొకటి గుద్దుకుని వంగిపోతుంది. అందుకని అది బాగున్నప్పుడే మార్చాలి. బాగున్నదాన్ని తీసి పారెయ్యడానికి మాలాంటి ఇళ్లలో చేతులు రావు, చిక్కంతా అక్కడే.

మా తాత ఊళ్ల వెంట తిరుగుతూ పరుపులకి దూది ఏకేవాడు. మా నాన్న లారీల మీద క్లీనరుగా చేరి, డ్రైవరై, నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సెకండ్ హ్యాండు డీజిలు కారు కొని బాడుగకి తిప్పడం మొదలుపెట్టాడు. మా వంశంలో సొంత బండికి యజమాని అనిపించుకున్న మొదటి మనిషి ఆయన, డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. రంజాను నెలలో కూడా తెల్లవారకముందే సహరీ తిని బండి తుడుచుకుని స్టాండుకి వెళ్లిపోయేవాడు. ఆ కారు మా ఇంట్లో ఇంకో మనిషి అన్నట్టే ఉండేది. చుట్టాల ఊరు వెళ్లినా, నన్ను విజయవాడ పరీక్షలకి తీసుకెళ్లినా, ముందు సీటు నాదే. పక్కన నాన్న, ఎదురుగా మీటరులో సున్నా దగ్గర నిద్రపోతున్న ముల్లు. బండి అంత జోరుగా పోతుంటే ఆ ముల్లెందుకు లేవదని నాకు ఒక్కసారైనా అనుమానం రాలేదు. పిల్లలకి ఇంట్లో ఎప్పుడూ చూసేది వింతగా తోచదు కదా.

డిగ్రీ ఫలితాలు కాలేజీ బోర్డు మీద అంటించిన రోజు, లెక్కల్లో ఫస్టు క్లాసు చూసుకుని, ఇంట్లో అమ్మకి కూడా చెప్పకుండా నేరుగా షెడ్డుకి పరిగెత్తాను. నాన్న అక్కడున్నాడని తెలుసు. షెడ్డు మేస్త్రి నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, నాకు బాబాయి వరస. చుట్టూ నలుగురైదుగురు డ్రైవర్లున్నారు. నేను వగరుస్తూ చెప్పగానే నాన్న గ్రీజు చేతులు చొక్కాకే తుడుచుకుని నా తల నిమిరి, అందరికీ టీలు చెప్పాడు.

ఆ సంబరంలోనే బాబాయి బెల్టు మాట ఎత్తాడు. ఇక మార్చెయ్యాలి, నాకు నమ్మకంగా లేదన్నాడు. నాన్న డ్యాష్‌బోర్డులోంచి కొన్నప్పటినుంచీ ఎవరూ తెరవని ఇంగ్లీషు పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. "చదివి చెప్పమ్మా, అందులో ఏం రాశాడో." మా ఇంట్లో ఆ పుస్తకం చదవగలిగిన మొదటిదాన్ని నేనే. పేజీలు తిప్పి, అరవై వేల కిలోమీటర్లకి మార్చాలని ఉన్న చోట వేలు పెట్టి, పోయినసారి బెల్టు మార్చినప్పుడు బాబాయి బానెట్ లోపల రాసిన అంకెని మీటరులోంచి తీసేసి, నలభై ఒక్క వేలే అయింది, ఇంకా పందొమ్మిది వేలు తిరగొచ్చని జడ్జీ తీర్పు చదివినట్టు చెప్పాను.

"పుస్తకం రాసినోడు మన ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీల ఎనకమాల తిరిగాడేంటమ్మా?" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. నా మొహం ఎర్రబడింది. బాబాయి ఇంకా ఏదో చెప్పబోయి ఎందుకో ఆగిపోయాడు.

"పదో క్లాసు తప్పినోడివి, డిగ్రీ ముందు నోరెత్తకురా. మా అమ్మాయి చెప్పింది, ఇక అంతే," అన్నాడు నాన్న. బానెట్ మూసేశాడు. ఆ చప్పుడు నాకు చప్పట్లలా వినిపించింది.

రెండు నెలలు కాకముందే, రెడ్డిగూడెం రైతు కుటుంబాన్ని విజయవాడ కంటి ఆసుపత్రికి తీసుకెళుతుండగా కీసర దగ్గర హైవే మీద బెల్టు తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. నాన్న వాళ్లని బస్సెక్కించి, తెలిసిన లారీకి తాడు కట్టించుకుని కారుని పేటకి లాక్కొచ్చాడు. బాబాయి ఇంజను విప్పి, వంగిపోయిన సామాను ఒక్కొక్కటే తీసి మా ముందు పెట్టాడు. బాగుచెయ్యడం కన్నా పాత ఇనుముకి అమ్మెయ్యడమే నయమని ఆయన అంటుంటే, ఇంకా పదిహేడు వేలుండగా ఎలా తెగుతుందని నేను పుస్తకం పట్టుకుని గొడవపడ్డాను.

నాన్న బయటికి వెళ్లాక బాబాయి మెల్లిగా చెప్పాడు. సొంత పని మీద తిరిగినప్పుడల్లా నాన్న మీటరు కేబులు పీకేసేవాడట. అది పీకితే ముల్లూ లేవదు, కిలోమీటర్లూ పెరగవు. అమ్మేటప్పుడు ధర పలకాలంటే బండి తక్కువ తిరిగినట్టు కనపడాలని స్టాండులో చాలామంది చేసే పనేనట. చుట్టాల ఊళ్లు, నా పరీక్షలు, మూడేళ్ల నా కాలేజీ పనులు, ఇవేవీ మీటరులోకి ఎక్కలేదు. "ఆ రోజు చెప్పబోయాను తల్లీ. అన్న నా కాలు గట్టిగా తొక్కాడు. నీ మొహం చిన్నబోతుందని."

నాన్న మళ్లీ డ్రైవరయ్యాడు, ఈసారి ఇంకొకరి లారీకి, ముక్త్యాల సిమెంటు లోడుకి. నడుం పడిపోయేదాకా అదే పని. నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చి, ఇంక కారు కొందాం నాన్నా అనగలిగే సరికి ఆయన కళ్లు మసకబారాయి. ఇంకెందుకులేమ్మా అని నవ్వేశాడు. కాలు తొక్కిన సంగతి నాకు తెలుసని ఆయనకి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో! చెబితే ఆయన దాచింది వృథా అవుతుందనిపించి చెప్పలేదు. ఆయనా ఆ మాట ఎత్తకుండానే పోయాడు.

ఇప్పుడు పేటలో ఇంటింటికీ ఒక డిగ్రీ ఉంది, ఎవరూ దానికోసం పరిగెత్తుకుని వెళ్లి ఎవరికీ చెప్పరు, ఫలితం ఫోనులో వచ్చి ఫోనులోనే పోతుంది. నేను ఒక మాట తప్పు చెబితే మా ఇంట్లోనే ముగ్గురు అప్పటికప్పుడు వెతికి చూపించి దిద్దుతారు. అదే మంచిది, కాదనను. ఆ రోజు నాన్న నన్ను నలుగురిలో కసిరి ఉంటే రెండు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. కసరలేదు. ఇన్నేళ్లయినా మరిచిపోవడం నాకు చేతకాలేదు.