నాలుగో అంకె

ఎల్‌బీ నగర్ మెట్రో కింద పెద్ద జీపు ఆగితే చాలు, రామమోహనరావు గారు కళ్ళజోడు నుదుటిపైకి నెట్టి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీది అంకెలు వేలితో తడుముతూ చదువుతారు. మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్ని వంతులు ఎత్తో, మూడోది రిమ్ము సైజు అని అడగనివాళ్ళకీ చెబుతారు. రాళ్ళదారికి ఎత్తు టైరే మేలని మొన్న తన జీపుకూ వేయించారు. తీరా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయల్దేరబోతే, ఆయన భార్య కోటేశ్వరమ్మ గారికి జీపెక్కడానికి కాలు అందలేదు. ఆయన ముఖం వాడిపోయింది.

"పాతయే ఏస్త సార్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు టైర్ల షాపు మట్టయ్య.

"అక్కర్లేదు బాబూ. నెల్లాళ్ళుగా ఈ లెక్కలే వింటున్నాను, ఎంత ఎత్తొస్తుందో నాకు తెలీదా," అంటూ ఆవిడ సంచిలోంచి వంటింటి పీట తీసి, దాని మీద కాలుపెట్టి ఎక్కారు.

ఇప్పుడు టైరు సైజు ఎవరడిగినా రామమోహనరావు గారు మూడు అంకెలూ చెప్పి, నాలుగోదిగా పీట ఎత్తు చెబుతారు.