ఆరింటి నుంచి ఏడింటి దాకా

చైతన్యపురి లేడీస్ హాస్టల్లో మా గదికి ముగ్గురం. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరూ గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్ళేవాళ్ళు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్‌గర్ల్‌ని. నేనూ అదే పరీక్ష రాయాలనుకున్నాను కానీ, కోచింగ్ ఫీజు నా తరం కాదు. నాకున్న మాస్టారల్లా ఇంగ్లిషు పేపరే. అదేమో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టనిదే రెండు లైన్లకు మించి చూపించదు. అందుకని ముగ్గురం సమానంగా వేసుకుని, నా నంబరు మీద ఏడాది చందా కట్టాం.

చిక్కేమిటంటే, అది ఒకసారికి ఒక్క ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ఇంకొకరు లాగిన్ అయితే ముందువాళ్ళది మూసుకుపోతుంది. ఆ ఇద్దరిలో పెద్దామెను అక్కా అని పిలిచేదాన్ని. వేళలు తనే పంచింది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు, మధ్యాహ్నం నాకు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి పది దాకా నేను షాపులోనే, అక్కడ మా ఫోన్లన్నీ కౌంటర్ దగ్గర డబ్బాలో ఉంటాయి. ఆ సంగతి తనకు తెలుసు. అయినా నెల రోజులు నోరెత్తలేదు నేను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

చివరికి అడిగేశాను. "అక్కా, ఆరు నుంచి ఏడు దాంక నాకియ్యి. ఎనిమిది దాంక మీరు సూస్కోండ్రి."

"మాకు ఎనిమిదింటికి కోచింగ్‌లో ఆ రోజు పేపర్ మీద టెస్టు ఉంటుంది కదే. అయినా చీరలు మడతపెట్టడానికి ఎడిటోరియల్ ఎందుకమ్మా నీకు?" అంది అక్క. రెండో అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"చీరలు నేసేటోళ్ల ఇంట్ల పుట్టిన, చీరలే అమ్ముత. నూలు ధర ఎందుకు పెరిగిందో గా పేపర్ల రాస్తే నీకన్న నాకే మంచిగ సమజైతది. వాటా సమానం తీస్కున్నవ్, టైం గూడ సమానమియ్యాలె."

"చూద్దాంలే" అంది. ఆ చూద్దాం ఎలాంటిదో నాకు తెలుసు.

మర్నాడు ఆరింటికి టెర్రస్ ఎక్కి, తలుపుకు టెర్రస్ వైపు నుంచి గడియ పెట్టి, పాస్‌వర్డ్ మార్చేశాను. ఐదు నిమిషాల్లో ఇద్దరూ వచ్చి తలుపు బాదారు.

"ఏమే, మా టెస్టు పోతుందే!"

"ఏడింటికి తీస్త. గప్పటి దాంక వినుండ్రి" అని గొంతెత్తి ఎడిటోరియల్ చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లిషు గతుకుల రోడ్డే. కాసేపటికి బాదడం ఆగింది.

"ఆ మాట అలా పలకరు. తప్పు" అంది అక్క తలుపు అవతలి నుంచి.

మళ్ళీ అలాగే పలికాను, ఇంకా గట్టిగా. తర్వాతి పేరాకు వెళ్ళాను.