మారెమ్మ కన్ను మారెమ్మదే

మొన్న కర్నూలులో కంటి ఆస్పత్రి బల్ల ముందు కూర్చున్నప్పుడు, అక్కడి అమ్మాయి వేలిముద్రల సిరా డబ్బీ మూత తీసింది. ఆ వాసన ముక్కుకు తగలగానే ఎప్పటిదో అలసట ఒంట్లోకి దిగింది. నాకు నీటికాసులు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి, చూపును కొంచెం కొంచెంగా తినేసే జబ్బు. సన్నని గొట్టం అమర్చి ఆ నీటికి దారి చేస్తారట. గొట్టానికింత, గదికింత, మందులకింత అని అచ్చు వేసిన కాగితాలు దొంతరగా పెట్టింది ఆ అమ్మాయి. చూపు ఆనక నా సంతకం గీత తప్పుతోందని వేలిముద్ర అడిగింది. అడుగుతూనే నా బొటనవేలు పట్టుకోబోయింది. నేను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ అలవాటు ఎస్తేరమ్మ చేసింది.

ఎస్తేరమ్మది బద్వేలు. కర్నూలు రాజధానిగా ఉండి, కచేరీలు గుడారాల్లో నడిచిన కాలంలో, మా ఆస్పత్రి కంటి వార్డుకు ఆమె రైటరు. నేను ఆయాను. కూడబలుక్కుని చదివేంత చదువే నాది. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఏ కన్ను, కరణం ఇచ్చిన బీదరికం చీటీ ఉందా, లేకపోతే వార్డు ఖర్చు ఎవరు కడతారు, ఇవన్నీ ఆమే రాయాలి. కోతకు ఒప్పుకున్నట్టు ముద్ర కూడా ఆమే తీసుకోవాలి. మధ్యాహ్నానికే ఆమె కళ్లు ఎర్రబడేవి. చెప్పులు విడిచి, పాదాలు చల్లటి నాపరాయి మీద ఆనించి, ఇంగ్లీషు కాగితాన్ని ప్రతి మనిషికీ తెలుగులో మొదటినుంచీ చెప్పేది. పని తొందరగా తెమలాలని నేనొకసారి ఒక ముసలాయన వేలు పట్టి సిరాలో అద్దబోయాను.

"ఇడువు మే," అంది. "ఎవురి వేలు వాళ్లే పెట్టల్ల. నువ్వు పట్టి ఒత్తితే అది నీ ముద్రే."

ఆ ఎండాకాలంలోనే కోసిగి నుంచి మారెమ్మ వచ్చింది. కూలి మనిషి. ఎడమకన్ను అప్పటికే పూర్తిగా పోయింది. కుడికన్ను చూపు చుట్టూ మూసుకొస్తూ, నడుమ కాస్త మిగిలింది. నల్లగుడ్డు అంచున చిన్న రంధ్రం చేసి నీరు వదలకపోతే అదీ దక్కదన్నాడు డాక్టరు. అప్పుడు గొట్టాలు లేవు, రంధ్రమే. మారెమ్మ కత్తికి భయపడలేదు. సిరా డబ్బీ చూసి మాత్రం బొటనవేలు పిడికిట్లో దాచి, పిడికిలి కొంగులో చుట్టుకుంది.

"వేలు ఇయ్యను రైటరమ్మా. మా మామ ఇట్లనే ఒత్తినాడు. చేను పాయ. ఇబుడు కన్ను రాసియ్యల్లనా?"

"నీ కన్ను తీసుకోని సర్కారు యాడ పెట్టుకుంటాదమ్మా? కచేరీలకే తావు లేక గుడారాలు ఏసుకునిండారు," అంది ఎస్తేరమ్మ.

వార్డంతా నవ్వింది. మారెమ్మ నవ్వలేదు. తెల్లారేసరికి ముద్ర పడకపోతే మంచం ఖాళీ చేయించమని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆయన్ను అనడానికీ లేదు, వసారాలో మంచం కోసం ఎందరో పడి ఉన్నారు.

ఎస్తేరమ్మ నిట్టూర్చి కాగితం మళ్లీ మొదలుపెట్టింది. పోయిన కన్ను రాదని, కోత చేసేది ఉన్న చూపును నిలబెట్టడానికేనని, అది కూడా ఖాయంగా చెప్పలేరని విప్పి చెప్పింది. నాకు మనసాగక ఆమె చెవిలో గొణిగాను.

"అదంతా ఎందుకక్కా, బెదిరి లేసిపోతాది!"

"ఇప్పుడు సెప్పకుంటే, కట్టు ఇప్పినాక ఈమె అడిగేదానికి జవాబు నువ్వు సెప్తావా?"

మారెమ్మ పిడికిలి విప్పకుండానే అడిగింది. "నా కన్ను నాదేనని అందులో ఉండాదా?"

ఎస్తేరమ్మ కాగితాన్ని పైనుంచి కిందికి వెతికింది. "లేదమ్మా."

"అయితే రాయి."

ఎస్తేరమ్మ అడుగున తెలుగులో రాసింది: మారెమ్మ కన్ను మారెమ్మదే. ఎవరికీ రాసివ్వలేదు. చదివి వినిపిస్తే మారెమ్మ నమ్మలేదు. నా వైపు తిరిగింది. "రాసినోళ్లు కాదు, నువ్వు సదువు." నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అప్పుడు పిడికిలి విప్పింది. వేలు తనే అద్దుకుని, తనే ఒత్తింది.

మరునాడు డాక్టరు ఆ పంక్తి చూసి, "సర్కారు కాగితం మీద ఇదేం రాత?" అన్నాడు.

"కొట్టేస్తే ఆయమ్మకు సెప్పి కొట్టేయండి సార్."

ఆయన కలం తీశాడు. మారెమ్మ మంచం వైపు చూశాడు. కలం మళ్లీ జేబులో పెట్టుకుని, "పైవాళ్లు అడిగితే సమాధానం నువ్వే చెప్పుకో," అని కోతగదిలోకి వెళ్లిపోయాడు.

కట్టు విప్పిన రోజు మారెమ్మ పక్కన నేనున్నాను. ఎస్తేరమ్మ ఎదురుగా వంగి అడిగింది.

"ఏం కనపడతాంది?"

మారెమ్మ నిదానంగా చూసింది. "నీ మొగమే. శానా అలిసిపోయిండావు తల్లీ."

ఎస్తేరమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ మారెమ్మకు రాసిన మాట తమకూ రాయమని పట్టుబట్టారు. ఆమె మణికట్టు వాచేది. "ఆయమ్మ నా సేతికి ఎంత పని తెచ్చిపెట్టె!" అని తిట్టుకుంటూనే అందరికీ రాసింది.

మొన్న ఆ బల్ల దగ్గర అమ్మాయిని అడిగాను, కాగితాలు చదివి చెప్పమని. పాపం, పొద్దుటినుంచీ ఇదే పని కాబోలు, గొంతు బొంగురుపోయింది. అయినా చదివింది. అయ్యాక, నా కన్ను నాదేనని ఒక మాట రాయమన్నాను.

"యాడ రాసేదవ్వా? అంతా అచ్చేసిండారు కదా!"

"అడుగున సూడు తల్లీ. రవ్వంత తావుంటాది."

ఆమె నవ్వి, కాగితం తిప్పి చూసింది. ఉంది. రాసింది. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, మిగిలిన చూపుతో అక్షరం అక్షరం చదువుకున్నాను. నా వేలు నేనే పెట్టాను.