గుండీకి కోడి మెడలు కొసరు

మా పిన్నికి కొసరు పిచ్చి. ఏది కొన్నా దాని మీద కొసరు పడాల్సిందే. కొసరు లేని బేరం ఆవిడ లెక్కలో బేరమే కాదు, పట్టపగలు దోపిడీ. కూరగాయల మీద, దారపు ఉండల మీద కొసరు అందరూ అడుగుతారు. మా పిన్ని డాక్టరు దగ్గర కూడా అడుగుతుంది.

"నా జ్వరానికి మందు రాశారు సరే, కొసరుగా మా ఆయన దగ్గుకి కూడా ఏదైనా రాయండి."

"ఆయనకి దగ్గు ఉందా?"

"దగ్గండీ," అంది పిన్ని బాబాయి వైపు తిరిగి. బాబాయి బుద్ధిగా దగ్గాడు. మందు వచ్చింది.

ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు ఇంటాయన చేత పెరట్లో కొసరుగా ఇంకో కుళాయి వేయించింది. "నన్ను పెళ్లి చేసుకున్నప్పుడు మా అమ్మావాళ్లింటి గోడగడియారం కొసరుగా పట్టుకొచ్చింది. ఇద్దరిలో ఎవరు అసలో ఎవరు కొసరో నాకిప్పటికీ తేలలేదు," అంటాడు బాబాయి.

పిన్ని దర్జీ. వీధి గదిలో కుట్టుమిషను, గోడకి కొక్కేలు, కొక్కేలకి ఊళ్లోవాళ్ల చొక్కాలు. ఉద్యోగం పేరుతో వచ్చి నేను ఆ ఇంట్లోనే మకాం వేశాను కాబట్టి ఇవన్నీ కళ్లారా చూసి చెబుతున్నాను. ఇంత కొసరు పుచ్చుకునే మనిషి, తను మాత్రం ఎవరికీ చిటికెడు కొసరు విదల్చదు. ఎవరైనా ఒక గుండీ అదనంగా అడిగితే, "గుండీలేమైనా చెట్లకి కాస్తున్నాయా?" అంటుంది. అయితే ఆవిడ కుట్టిన గుండీ ఊడదు. చొక్కా చివికి, చిరిగి, మసిగుడ్డగా మారాక కూడా గుండీలు అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి. తన కుట్టుకి వంక పెట్టిన వాళ్లతో పిన్ని మాట్లాడటం మానేస్తుంది.

ఆవిడకో బుల్లి కుక్క. పేరు బాబిన్. కుక్క తిండి ప్యాకెట్ల ధర వినగానే పిన్ని, "ఈ డబ్బుతో మనిషినే పెంచొచ్చు," అని దుకాణంలోంచి లేచొచ్చేసింది. టీకా వేయించడానికి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి, టీకా మీద కొసరుగా సలహా గుంజుకొచ్చింది. చిన్న నోటికి చిన్న ఎముక. కోడి మెడ, వీపు ముక్క, కాస్త కండ అంటుకుని ఉండాలి. పచ్చిదే పెట్టాలి, ఉడికిస్తే పుల్లల్లా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. తింటున్నంతసేపూ పక్కనే ఉండాలి. పచ్చిది అనేసరికి నేను మొహం చిట్లించాను.

"నిన్నేం తినమనలేదు కదరా," అంది పిన్ని.

అప్పట్నించీ చికెన్ కొట్టాయనకి కష్టకాలం మొదలైంది. పిన్ని మాకోసం పావుకిలో కొంటుంది. ఆ తర్వాత సంచీ మూతి ఇంకా తెరిచే పట్టుకుంటుంది.

"అమ్మా, రెండు మెడలేశాను, ఒక వీపు ముక్కేశాను. కొన్నదానికంటే కొసరే ఎక్కువైంది."

"అది కొన్నది తక్కువవడం వల్ల. కొసరు తప్పేముంది?"

ఆ ఎముకల్ని ఇంటికి తెచ్చి, పెరట్లో పాత రెక్సిన్ ముక్క పరిచి, బాబిన్‌కి పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. బాబిన్ పటపటా నములుతుంటే పిన్ని మొహం వెలిగిపోతుంది. "నేను తినేటప్పుడు ఎప్పుడైనా నా పక్కన అలా కూర్చుందా?" అని బాబాయి నన్నడుగుతాడు, పిన్నికి వినపడేలా.

మా ఎదురింట్లో రేడియో మెకానిక్ ఒక్కడే ఉంటాడు. ఇప్పుడు రేడియోలు బాగుచేయించుకునేవాళ్లెవరు? కొట్టు మూతపడి ఆ సామానంతా గదిలోకి చేరింది. ఆయనకీ ఒక బుల్లి కుక్క, పేరు ట్రాన్సిస్టర్. అది టీలో ముంచిన బన్నుముక్క తిని బతుకుతోంది. మెకానిక్కూ అదే తింటున్నాడు. కాకపోతే ఆయనకో నియమం ఉంది. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోడు. ఒకసారి పిన్ని రెండు కోడి మెడలు పొట్లం కట్టి పట్టుకెళ్లింది.

"ఎంతివ్వాలమ్మా?"

"ఊరికేనే లెండి."

"అయితే వద్దు లెండి," అని ఆయన మర్యాదగా తలుపేసుకున్నాడు. పొట్లంతో తిరిగొచ్చిన పిన్నిని చూసి, జీవితంలో మొదటిసారి ఆవిడ మాట చెల్లని మనిషి దొరికాడని బాబాయి తెగ సంబరపడ్డాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మర్నాడు మెకానిక్ చొక్కా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "పై గుండీ ఊడిందమ్మా. ఆదివారానికి కావాలి. ట్రాన్సిస్టర్‌ని ఊరవతల గోడౌనులో కాపలా ఉండే స్నేహితుడికి ఇచ్చేస్తున్నాను. అక్కడ దానికి తిండికి లోటుండదు. ఇచ్చేటప్పుడు కాస్త మనిషిలా వెళ్లాలి కదా," అన్నాడు. ట్రాన్సిస్టర్ ఆయన కాళ్ల మధ్య నిలబడి తోకాడిస్తోంది. పిన్ని నడుస్తున్న మిషను ఆపేసింది. ఆవిడ కుట్టు మధ్యలో మిషను ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

చొక్కా తీసుకుని అక్కడికక్కడే గుండీ కుట్టింది. డబ్బులు అణాపైసలతో సహా వసూలు చేసింది. తర్వాత లోపలికెళ్లి పొట్లం తెచ్చి చొక్కా మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"కొసరు."

"గుండీకి కోడి మెడలు కొసరా?"

"నా కొట్టు, నా కొసరు. మీరు డబ్బిచ్చారా లేదా? బేరం అయిందా లేదా? మీ కొట్లో మీరెవరికీ కొసరుగా ఒక వైరు ముక్క ఇవ్వలేదా? అది వాళ్లు ముష్టి అనుకుని తీసుకున్నారా? వద్దంటే చెప్పండి, గుండీ పీకేసి డబ్బులిచ్చేస్తాను."

పిన్ని నిజంగానే కత్తెర అందుకుంది. మెకానిక్ కంగారుగా చొక్కా, పొట్లం రెండూ గుండెకి హత్తుకున్నాడు. నేనూ బాబాయీ మొహమొహాలు చూసుకున్నాం. పిన్ని కొసరివ్వడం మా వంశంలో ఎవరూ చూడని వింత.

ఎదురింటి మెట్ల మీద ట్రాన్సిస్టర్ కోడి మెడ నములుతుంటే పిన్ని ఈ గుమ్మంలోంచి కేకలు, "తొందరపెట్టకండి! పక్కనే కూర్చోండి!" ఆయన కూర్చున్నాడు. కుక్క ఎముకంతా తిని ఆయన ఒళ్లో పడుకుంది. ఆదివారం వచ్చింది, వెళ్లింది. "స్నేహితుడికి ఈ వారం తీరిక లేదట," అన్నాడు మెకానిక్. ఆ స్నేహితుడికి తర్వాత ఏ వారమూ తీరిక దొరకలేదు.

దొరకనివ్వకుండా చేసినవి గుండీలే. ఆయన చొక్కాకి ఒక గుండీ కుడితే రెండ్రోజుల్లో ఊడిపోయేది. ఆయన రావడం, పిన్ని కుట్టడం, కొసరు పొట్లం ఇవ్వడం. చికెన్ కొట్టాయన లబోదిబోమన్నాడు.

"బాబిన్ ఇప్పుడు రెట్టింపు తింటోందేంటమ్మా?"

"ఎదిగే వయసు."

"దానికి గడ్డం నెరిసిందమ్మా!"

నాకు మాత్రం ఆ గుండీల సంగతి మింగుడుపడలేదు. ఒకరోజు కొక్కేనికి ఉన్న ఆయన చొక్కా తీసి చూశాను. గుండీ ఒంటి పేట దారంతో, విప్పడానికి వేసే కచ్చా కుట్టుతో వేలాడుతోంది. చివర ముడి కూడా లేదు.

"పిన్నీ, ఇదేం కుట్టు?"

"అరవకు. ఊడాలనే కుట్టాను. ఊడకపోతే ఆయన ఎందుకొస్తాడు?"

"ఊళ్లో నీ పేరేం కావాలి?"

"పోతే పోనీరా," అంది పిన్ని. చొక్కా లాక్కుని మళ్లీ కొక్కేనికి తగిలించింది. నాకు ఆవిడని కావలించుకోవాలనిపించింది. చేతిలో సూది ఉందని ఆగిపోయాను.

ఆ సాయంత్రం మెకానిక్ నన్ను వీధి చివర ఆపి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బాబూ, ఒక మాట. మీ పిన్నిగారికి చూపు తగ్గినట్టుంది. ఒక్క గుండీ నిలవడం లేదు. ఇంకో దర్జీ దగ్గరికి వెళ్దామనుకున్నాను. కానీ నేను మానేస్తే ఆవిడకి సంగతి అర్థమైపోతుంది కదా, పాపం. అందుకే ఊడినప్పుడల్లా నవ్వుతూ వస్తున్నాను. నువ్వు మాత్రం ఆవిడతో అనకు."

అననని మాటిచ్చి, ఇంటికెళ్లగానే అనేశాను. తన కుట్టుని ఇంత మాట అన్నందుకు ఎదురిల్లు దద్దరిల్లుతుందని బాబాయి ముందుజాగ్రత్తగా కిటికీ మూశాడు. పిన్ని మాత్రం బాబాయి ముక్కు మీది కళ్లద్దాలు లాగి తన ముక్కు మీద పెట్టుకుంది.

"నేను పేపరెలా చదవాలే?"

"రేపు చదువుకుందురు గానీ. ఆయనొచ్చే వేళయింది."

మెకానిక్ వచ్చాడు, వెనకే ట్రాన్సిస్టర్. పిన్ని కళ్లద్దాల్లోంచి సూదిని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, దారాన్ని గాల్లో నాలుగు దిక్కులా పొడిచింది. ఆయన నావైపు జాలిగా చూశాడు. ఉండబట్టలేక సూది అందుకుని, సన్నటి తీగెలతో బతికిన ఆ వేళ్లతో దారం ఒక్కసారికే ఎక్కించి చేతికిచ్చాడు.

తన సూదిని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోని మా పిన్ని కళ్లద్దాలు సర్దుకుని, "చల్లగా ఉండండి బాబూ. ఆ బెజ్జం కనిపించి చావడం లేదు," అంది.