కరెంటే పోయింది, కంగారు పడకండి

మా బాబాయిని వాళ్ళ వీధిలో అందరూ లిఫ్టు బాబాయి అంటారు. ముప్పై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి అంతకన్నా మంచి పేరు దొరకదు. ఆయన ఉండేది మాత్రం లిఫ్టు లేని భవనంలో, మూడో అంతస్తులో. ఎవరైనా ఆ సంగతి ఎత్తి వేళాకోళం చేస్తే, "రోజంతా జనాన్ని ఎక్కించి దింపింది చాలదా, ఇంటికొచ్చాక కూడానా?" అనేవాడు.

పనిలో నేర్చుకున్న రెండు ముక్కలతోనే ఆయన జీవితమంతా నెట్టుకొచ్చాడు. ముందు మెయిన్ ఆపు, తర్వాతే చెయ్యి పెట్టు అన్నది మొదటిది. ఆయనకి ఇరవై నాలుగేళ్ళప్పుడు తోటి మెకానిక్ లిఫ్టు గోతిలో దిగి పనిచేస్తుంటే పైన ఎవరో చూసుకోకుండా స్విచ్చి వేశారు. ఆ మనిషి బతికాడు గానీ కుడిచేతికి రెండు వేళ్ళే మిగిలాయి. అప్పటి నుంచి బాబాయి ఎక్కడ పనికి దిగినా మెయిన్ ఆపి, దానికి ఒక ఎర్ర రేకు తగిలించేవాడు. "లోపల మనిషి ఉన్నారు. ముట్టుకోవద్దు" అని దాని మీద తెల్ల రంగుతో ఆయనే రాసుకున్నాడు. ఆ రేకు ఇప్పటికీ ఆయన పనిముట్ల సంచిలో ఉంది.

రెండోది లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ కోసం. కారణం ఏదైనా సరే, ముందు తలుపు దగ్గర నోరుపెట్టి, "కరెంటే పోయింది, కంగారు పడకండి, ఇప్పుడే వచ్చేస్తుంది" అనాలి. మోటారు కాలిందనో తాడు జారిందనో లోపలున్నవాళ్ళకి చెప్పకూడదు. పిన్ని ఆయనకి పరిచయమైంది అలాగే. ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేది. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. ఆ నలభై నిమిషాలూ బయటి నుంచి ఈయన గొంతు వింటూ కూర్చుంది. తర్వాతి కథ మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు.

పిన్ని జబ్బుపడి మంచం దిగలేని రోజుల్లో నేను వాళ్ళింట్లో ఒక సర్వరు పెట్టాను. నేనొక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాను. అక్కడ పక్కన పడేసిన పాత యంత్రాన్ని అడిగి తెచ్చి, పాటలూ సినిమాలూ ఇంటి ఫొటోలూ అన్నీ అందులో పోసి టీవీకి కలిపాను. మంచం మీద నుంచే ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. బాబాయికి సర్వరన్న మాట నోరు తిరగక కాదు, నచ్చక, దాన్ని పెట్టె అన్నాడు. అదే నిలిచిపోయింది.

"ఇందులోవన్నీ ఇంకోచోట కూడా దాచిపెట్టవే" అని పిన్ని ఒకసారి నన్నడిగింది. "వచ్చే ఆదివారం పెడతా పిన్నీ" అన్నాను. ఆ ఆదివారం ఇప్పటికీ రాలేదు. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు గానీ, అది ఎక్కువగా నా మీదే అని చాలామందికి తెలియదు.

డాక్టర్లు చేతులెత్తేశాక కూడా బాబాయి ఆవిడతో, రెండు నెలల్లో లేచి తిరుగుతావనే అనేవాడు. పిన్ని తలూపేది. ఆయన బజారుకి వెళ్ళగానే ఫోను దిండుకి ఆనించి వీడియోలు తీసుకునేది. ఇంటి పని ఒక్కటీ చేతకాని మొగుడికి పాఠాలన్నమాట. ప్రతిదానికీ ముందు అంకె చెప్పేది. "ఒకటి. వాషింగ్ మెషీన్. తెల్లవీ రంగువీ కలిపి వేశారో, నేను మళ్ళీ వచ్చి మరీ తిడతాను." "పద్నాలుగు. దుప్పట్లు ఎక్కడున్నాయో." "ఇరవై ఆరు. మీ అక్కగారితో ఫోన్లో ఏం మాట్లాడకూడదో." ఇలా నలభై ఒకటి తీసింది.

ఆవిడ పోయిన వారానికి బాబాయి వాటిని ఫోను నుంచి పెట్టెలోకి ఎక్కించాడు. నేను దగ్గరుండి చెయ్యాల్సిన పని. కాలేజీలో పరీక్షలని, ఎలా చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి ఊరుకున్నాను. ఎక్కాయమ్మా అన్నాడు, సరే అన్నాను. పిన్ని తన ఫోనుని, తనని చూసుకున్న నర్సుకి ఇవ్వమని చెప్పి పోయింది. ఇచ్చేముందు అందులో ఉన్నదంతా తుడిచేసింది నేనే. పెట్టె తెరిచి ఒక్కసారి చూసుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మొదటి నలభై వీడియోలూ ఆయన మూడు నాలుగు నెలల్లో చూసేశాడు. చూస్తూ నేర్చుకున్నాడు కూడా. దుప్పటి మడతపెడితే అంచు అంచుకి కలవాలి, లేకపోతే విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నలభై ఒకటోది మాత్రం తెరవలేదు.

"చూడొచ్చుగా బాబాయ్" అన్నాను ఒకసారి.

"అదొక్కటీ ఉండనీ తల్లీ. అదీ చూసేస్తే ఇంక మీ పిన్ని నాతో కొత్తగా మాట్లాడేదేముంటుంది?" అన్నాడు.

అలా ఏడాది గడిచింది. తర్వాత ఒక రోజు పొద్దున్నే ఫోను చేసి, "పెట్టె పడిపోతోందమ్మా. రోజూ నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది" అన్నాడు.

మొదటి ఆదివారం వెళ్ళి మూత విప్పి దుమ్ము దులిపాను. లోపలి ఫ్యాను బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేశాను. సోమవారం మళ్ళీ పడిపోయింది. రెండో ఆదివారం మెమరీ ముక్కలు పీకి ఒక్కొక్కటిగా మార్చి చూశాను. కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చాను. సోమవారం మళ్ళీ అదే ఫోను. తల ప్రాణం తోకకి వచ్చింది. బాబాయి పక్కన కుర్చీ వేసుకుని, లోడు ఎక్కువైందేమో, ఎవరైనా నలుగుర్ని దింపెయ్యి అంటాడు. నాకు నవ్వు రాలేదు.

"అసలు నువ్వేం ముట్టుకుంటున్నావ్ బాబాయ్?"

"నేనేం ముట్టుకుంటానే? ఆగినప్పుడల్లా మెయిన్ ఆపి మళ్ళీ వేస్తున్నానంతే."

"అలా ఆపకూడదని నీకెన్నిసార్లు చెప్పాలి? అది రాసుకుంటూ ఉంటుంది. మధ్యలో కరెంటు తీసేస్తే రాసేది తెగిపోతుంది."

"మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టమంటావా?" అన్నాడు, నన్నే తప్పు పడుతున్నట్టు. నేను గట్టిగానే అరిచాను. ఆయన మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అలా అరిచినందుకు ఇప్పటికీ నాకు బాధే.

మూడో ఆదివారం ఆయన నా ముందు ఒక రిజిస్టరు పెట్టాడు. లిఫ్టుల సర్వీసు పుస్తకమే, ఖాళీ పేజీలున్నాయని ఇంటికి తెచ్చుకున్నది. ఇంట్లో ఏ యంత్రం ఆగినా అందులో ఎక్కాల్సిందే. "ఉదయం 9.04కి పెట్టె నిలిచెను. మెయిన్ ఆపి వేయగా నడిచెను." మర్నాడు 9.06. ఆ మర్నాడు 9.05. రోజూ తొమ్మిది దాటగానే. ఇన్నాళ్ళూ నేను తిట్టిపోసిన మనిషి నాకు కావాల్సిన ఆధారాన్ని ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసిపెట్టి కూర్చున్నాడు.

తొమ్మిదింటికి ఏం జరుగుతుందో నాకు తెలుసు. పెట్టె మొరాయించడానికి ముందు రోజు రాత్రి నేనే మా ఇంటి నుంచి అందులోని ప్రోగ్రాముకి కొత్త వెర్షన్ ఎక్కించాను. అది రోజూ ఆ వేళకి ఉన్న వీడియోలన్నీ తెరిచి చూసి, ఒక్కోదానికీ ఒక చిన్న బొమ్మ తయారుచేస్తుంది. పాత వెర్షన్‌కి ఆ అలవాటు లేదు. అంటే ఏదో ఒక వీడియో దగ్గర దీనికి ఊపిరాడటం లేదు.

సగం ఫోల్డర్లు పక్కన పెట్టి నడిపించాను, పడలేదు. మిగతా సగంతో నడిపిస్తే పడింది. అందులో మళ్ళీ సగం చేశాను. సినిమాలు కాదు, పాటలు కాదు, పెళ్ళిళ్ళ వీడియోలూ కాదు. చివరికి పిన్ని ఫోల్డరు ఒక్కటే మిగిలింది. ఒకటి నుంచి ఒక్కొక్కటే తెరిపించాను. నలభై దాకా పెట్టె చక్కగా నడిచింది. నలభై ఒకటి ముట్టుకోగానే కూలబడింది.

ఆ ఫైలు సగంలో తెగిపోయి ఉంది. ఫోన్లో తీసిన వీడియోకి, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా చివర్లో ఉంటుంది. చివర లేకపోతే మొదలు కూడా తెరుచుకోదు. పెట్టె లేని పట్టిక కోసం వెతికి వెతికి, ఉన్న మెమరీ అంతా దానికే ధారపోసి పడిపోతోంది.

ఎప్పుడు తెగిందో చూద్దామని రిజిస్టరు వెనక్కి తిప్పాను. బాబాయి వంటింట్లో టీ పెడుతున్నాడు. ఏడాది కిందటి పేజీలో ఆయన చేతిరాతే ఉంది. "ఫోను నుంచి పెట్టెలోకి ఎక్కించుట. 40 ఎక్కెను. 41 వద్ద నిలిచెను. పది నిమిషములు చూసి మెయిన్ ఆపి వేసితిని. 41 కూడ కనబడుచున్నది. పని పూర్తి."

కనబడేది పేరు ఒక్కటే. ఆగిందనుకున్నాడు గానీ అది ఆగలేదు, పెద్ద ఫైలు కాబట్టి నెమ్మదిగా ఎక్కుతోంది. ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పడితే పూర్తయ్యేది. నేను రిజిస్టరు మూసేశాను.

టీ కప్పులతో వచ్చి, "దొరికిందా?" అన్నాడు.

"ఒక వీడియో తేడాగా ఉంది బాబాయ్."

"ఎన్నోది?"

చెప్పాను. ఆయన టీ అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "అది నేనింకా చూడలేదే" అన్నాడు. ఆ గొంతు నేను పిన్ని పోయిన రోజు కూడా వినలేదు.

ఆ ఫైలుని కాపీ చేసి ఇంటికి తెచ్చుకున్నాను. తెగిన వీడియోకి, అదే ఫోన్లో తీసిన మరో వీడియో పట్టికను చూసి కొత్త పట్టిక కట్టే పద్ధతి ఒకటుంది. అన్నిసార్లూ కుదరదు. నాకు నాలుగోసారికి కుదిరింది. వచ్చింది మూడు నిమిషాలే. సరిగ్గా ఉందో లేదో వినక తప్పదు కాబట్టి విన్నాను. విన్నాక ఆ పూట కాలేజీకి వెళ్ళలేదు.

ఆదివారం పదింటికి టీవీలో పెట్టాను. బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు. పిన్ని వచ్చింది. దిండుకి చేరగిలబడి, మొహం చిక్కిపోయి, కళ్ళు మాత్రం ఎప్పటిలాగే కొంటెగా ఉన్నాయి.

"నలభై ఒకటి. ఇది పని సంగతి కాదు, ఊరికే. ఆయాసంగా ఉంది, మధ్యమధ్య ఆగుతాను, విసుక్కోకండి. ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు, కరెంటే పోయింది, కంగారు పడకండి అన్నారు కదా. లోపల లైటు వెలుగుతూనే ఉందండీ. ఫ్యాను కూడా తిరుగుతోంది. కరెంటు పోలేదని నాకప్పుడే తెలుసు. మీరు చిన్నబుచ్చుకుంటారని ఇన్నేళ్ళూ చెప్పలేదు."

కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. బాబాయి కూడా అంతసేపూ ఊపిరి బిగబట్టాడు.

"మొన్న డాక్టరుతో మాట్లాడొచ్చి, ఏం లేదట, రెండు నెలల్లో లేచి తిరుగుతావట అన్నారు చూడండి. అప్పుడూ లైటు వెలుగుతూనే ఉంది. నాకు తెలుసు. తెలిసే, రెండుసార్లూ మీ మాట నమ్మినట్టే ఉన్నాను. ఎందుకంటే..."

అక్కడ బొమ్మ నిలిచిపోయింది. పిన్ని పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

"తర్వాత?" అన్నాడు బాబాయి.

"అంతే బాబాయ్."

"అంతేనా? ఎందుకు తెగింది?"

ఎదురుగా గోడ మీద మెయిన్ స్విచ్చి కనిపిస్తోంది. అటు చూడకుండా, "పిన్ని ఫోన్లో చోటు అయిపోయి ఉంటుంది. అంతవరకే తీసినట్టుంది. అక్కడితో అదే ఆగిపోయింది" అన్నాను.

ఆయన నా మొహం వంక చూశాడు. ముప్పై రెండేళ్ళు లిఫ్టు తలుపు బయట నిలబడి ఇదే గొంతుతో జనానికి ధైర్యం చెప్పిన మనిషి. నేను కళ్ళు దించుకున్నాను.

"అంతే అయ్యుంటుందిలే" అన్నాడు నెమ్మదిగా. "దాని ఫోను ఎప్పుడూ నిండిపోయే ఉండేది. నువ్వేం బాధపడకు." కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

తర్వాతి ఆదివారం, కరెంటు పోయినా పెట్టె నడిచేలా ఒక బ్యాటరీ తీసుకుని వెళ్ళాను. పిన్ని ఎప్పుడో అడిగిన రెండో కాపీ కూడా తీసుకెళ్ళాను. బాబాయి వంటింట్లో ఉన్నాడు. "ఇప్పుడు పడిపోవట్లేదమ్మా" అని అక్కడి నుంచే చెప్పాడు. బల్ల మీద రిజిస్టరు మూసి ఉంది. మధ్యలో పెన్ను పెట్టిన చోట తెరిచి చూస్తే, ఏడాది కిందటి ఆ పేజీ.

తల తిప్పి గోడ వైపు చూశాను. మెయిన్ స్విచ్చి వేసే ఉంది. దానికి ఆ పాత ఎర్ర రేకు వేలాడుతోంది. "లోపల మనిషి ఉన్నారు. ముట్టుకోవద్దు."